గిర్ని ఒక దిక్కు, కుట్టుమిషన్ ఒక దిక్కు

పోయిన నెల మా ఆడబిడ్డ కూతురు రేచల్ వచ్చి నా ముందట కూసున్నది. మంచిర్యాలల బ్యూటీ పార్లర్ పని నేర్చుకున్నదట. ఇగ చెన్నూరుల ఒక షట్టర్ కిరాయికి తీసుకొని సగంల పార్లర్, సగంల జిరాక్స్ పెడతదట. "రెండు పనులు ఒక్కతాన ఉంటే ఒకటి నడువకున్నా ఒకటి నడుస్తది గద అత్తమ్మా. నువ్వు నడుపలేదా?" అన్నది.

నడిపిన. ఇరవై ఎనిమిదేండ్లు నడిపిన. పిండి గిర్ని, కుట్టుమిషన్, రెండింటికి నేనొక్కదాన్నే. పనిమనిషి లేదు, పార్ట్‌నర్ లేడు. చూసినోళ్ళందరు "సలోమికేంది, రెండు చేతుల సంపాదన" అనెటోళ్ళు. రెండు చేతులు అందరికి ఉంటయి. తలకాయ ఒక్కటే ఉంటది. ఆ ముచ్చట ఎవ్వలు మాట్లాడరు.

పోయినేడు మోకాళ్ళు మొరాయించినయి. గిర్ని అమ్మేసిన, మిషన్ మీద గుడ్డ కప్పిన. ఇప్పుడు ఊకె కూసున్న గనుక రేచల్ కోసం, రేచల్ అసొంటి పిల్లల కోసం రాస్తున్న. లైసెన్స్ ఎట్ల తీసుకోవాలె, లోను ఎట్ల అడుగాలె అని నన్ను అడుగకుండ్రి. అవి చెప్పెటోళ్ళు బజారు నిండ ఉన్నరు. పని ఎట్లుంటదో చెప్పెటోళ్ళే లేరు. చెప్తే మీకు జర యాష్ట, ఇసుగు అనిపిస్తది. నాకు ఇరవై ఎనిమిదేండ్లు అనిపించింది, మీకు అరగంట అనిపిస్తే ఏం గాదు.

నడిమిట్ల పరద

మా ఆయనది బొగ్గు బాయిల పని. పొద్దటి షిఫ్ట్ ఒక వారం, మాపటి షిఫ్ట్ ఒక వారం. ఆయన ఇంట్ల ఉన్నప్పుడు నిద్ర, లేనప్పుడు బాయి. నాకేమో ఊకె కూసునుడు చాతగాదు. పెండ్లికి ముందే మంచిర్యాలల ఖాదర్ మాస్టర్ దగ్గర కుట్టుడు నేర్చుకున్న. పెండ్లయి చెన్నూరుకు వస్తే అత్తగారింట్ల గిర్ని ఉండె. మా అత్తకు దమ్ము బీమారి వచ్చి, "ఇగ నాతోని గాదు, నువ్వే చూసుకో" అన్నది.

గిర్ని ఇడిచిపెట్టబుద్ధి గాలే. కుట్టుడు ఇడిచిపెట్టబుద్ధి గాలే. గిర్ని గది పెద్దగనే ఉండె, రోడ్డు దిక్కు రెండు తలుపులుండె. నడిమిట్ల మందపు పరద కట్టి కుడి దిక్కు గిర్ని ఉంచిన, ఎడమ దిక్కు మిషన్ పెట్టిన. మహారాణి లెక్క ఫీలయిన ఆ దినం. తెల్లారి సంది తెలిసింది ఏం చేసుకున్ననో.

గిర్ని తలుపుల నుంచి వచ్చినోళ్ళకు నేను గిర్ని సలోమి. మిషన్ తలుపుల నుంచి వచ్చినోళ్ళకు టైలర్ సలోమి. గిర్నోళ్ళు "ఆ బట్టల పని ఏదో టైంపాస్‌కు చేస్తది" అనుకునేది. బట్టలోళ్ళు "గిర్ని ఆమె అత్తది, ఊకె చూస్తది" అనుకునేది. కోటపల్లి దిక్కు నుంచి వచ్చే ఒక పెద్దమనిషి అయితే ఐదారేండ్లు మేము ఇద్దరం అక్కచెల్లెండ్లం అనుకున్నడు. ఒకనాడు మనుమరాలి లంగ కొలతలకు మిషన్ దిక్కు వచ్చి, "మీ అక్క మంచిది బిడ్డ, బరాబర్ జోకుతది. నీకే కోపమెక్కువ" అన్నడు. ఆ అక్కను నేనే అంటే నమ్మలే. లేచి పరద జరిపి చూసొచ్చిండు. చూసొచ్చినంక సుత, "ఎటన్న పోయినట్టుంది" అన్నడు.

ఎండకాలం

ఈ రెండు పనులల్ల ఒకటి వానకాలం, ఒకటి ఎండకాలం ఉంటే నా బతుకు మంచిగుండు. రెండు ఎండకాలమే. కొత్త మిరుపకాయలు ఎండేది అప్పుడే, పెండ్లిళ్ళు వచ్చేది అప్పుడే. ఏడాదికి సరిపోను కారం పట్టించుకునేది అప్పుడే, ఆరు ఆరు జాకెట్లు కుట్టించుకునేది అప్పుడే. మిగిలిన కాలం ఈగలు కొట్టుకుంట కూసున్న దినాలు సుత ఉన్నయి. ఎండకాలం వస్తే మాత్రం అన్నం నిలవడి తిన్న.

కారం పట్టించెటోళ్ళ సంగతి చెప్త. కారం మిషన్ల మొదలు పోసినోళ్ళది జర లోపల అంటుకొని ఉండిపోతది. అందుకని ఎవ్వలు మొదలు పోయరు. పదిమంది సంచులు పట్టుకొని వస్తరు, పదిమందికి రెండో నంబరే కావాలె. "నువ్వు పొయ్యి వదినె", "లేదు లేదు, నువ్వే ముందుగాల వచ్చినవ్" అని మర్యాదలు చేసుకుంటరు. బస్సుల సీటు కాడ గింత మర్యాద నేను ఎన్నడు చూడలే. ఆఖరికి నా ఇంటి మిరుపకాయలు గుప్పెడు పోసి మొదలువెట్టేదాన్ని. మా ఇంట్ల ఏ ఊరి కారం తిన్నమో ఆ దేవునికే తెలువాలె.

ఇగ జాకెట్లోళ్ళు. "జర బిగి ఉండాలె, మళ్ళ వదులు సుత ఉండాలె" అంటరు. పాత జాకెట్ ఆదికి ఇస్తరు, "గిట్ల మాత్రం కుట్టకు" అంటరు. కొలతలు తీసుకుంటుంటే పరద అవతల కారం మిషన్ తిరుగుతుంటది, కొలతలు ఇచ్చే ఆమె తుమ్ముతది, తుమ్మినప్పుడు ఛాతి కొలత రెండు ఇంచులు పెరుగుతది. నవ్వుతున్నరా? నేను గా లెక్క చూసుకోక కుట్టిన జాకెట్లు ఇప్పి మళ్ళ కుట్టిన. మా చర్చిల పెండ్లంటే తెల్లచీర, తెల్ల జాకెట్. అది మాత్రం దుకాణంల ముట్టకపోయేదాన్ని, సంచిల చుట్టి ఇంటికి తీసుకపోయి కుట్టేదాన్ని. ఎర్రటి దుమ్ము ఒక్క చుక్క వడితే పెండ్లికూతురు తల్లి నన్ను సంఘం నడిమిట్ల నిలవెడుతది.

ఇద్దరు నేర్పినోళ్ళు

ఖాదర్ మాస్టర్‌కు మాటలు తక్కువ. నేను చేరిన కొత్తల ఒకనాడు జాకెట్ బట్ట కోస్తున్న. ఎవలో తలుపు కాడ నుంచి పిలిస్తే "ఆఁ, వస్తున్న" అని తలకాయ తిప్పిన. మర్లి చూసుకుంటే రెండు చేతులు ఎడమ రెక్కకే కోసిన. కుడి చెయ్యి లేదు. మాస్టర్ తిట్టలే. ఆ రెండు ఎడమ చేతులు గోడకు మొలకు తగిలిచ్చిండు. నెలదాక వచ్చినోళ్ళందరు "గిదేంది మాస్టర్?" అని అడుగుడు, ఆయన నా దిక్కు చూసుడు. "కత్తెర బట్టల వడ్డంక నీ అమ్మ పిలిచినా పలుకకు బేటీ" అన్నడు నెలకు.

మా అత్తకు మాటలు ఎక్కువ. "మిషన్ తిరిగినంత సేపు ఆడ్నే నిలవడాలె. ఒంటేలు వచ్చినా ఆపుకో" అనేది. బెల్టు తెగుతది, పిండి దిగే సంచి ఊడుతది, కరెంటు పోతది, ఎప్పుడేమైతదో తెల్వదు అని ఆమె బుగులు.

ఇద్దరు చెప్పింది ఒక్కటే. కాని ఇద్దరు ఒక్కొక్క పని చేసినోళ్ళు. పరద కాడ నిలవడి అటు ఒక కాలు, ఇటు ఒక కాలు పెట్టిన మనిషి ఏం చెయ్యాల్నో ఇద్దర్ల ఎవ్వలు చెప్పలే. వాళ్ళకు ఆ అవసరం రాలే. నేనే సొంతంగ తెలుసుకుంట అనుకున్న. పదిహేడేండ్లు ఏం గాలే గనుక తెలిసిపోయింది అనుకున్న. పొగరు.

రాజవ్వ పసుపు

రాజవ్వది చెన్నూరు పక్కనే ఊరు. నాకన్న పదేండ్లు పెద్ద, నేను అక్కా అని పిలిచేదాన్ని. భర్త తిరుపతిది పత్తి ఎవుసం. ఇద్దరికి లావణ్య ఒక్కతే బిడ్డ. లావణ్య లగ్గం కుదిరింది, పిల్లగానిది జమ్మికుంట. రాజవ్వ వచ్చి ఐదు జాకెట్ల బట్ట, నాలుగు కిలోల పసుపు కొమ్ములు నా ముందట పెట్టి, "రెండు నీ చేతులనే పెడుతున్న సలోమి. నా బిడ్డ నీ బిడ్డ అనుకో" అన్నది.

పెండ్లికి ముందటి దినం కొట్నాలు ఉంటయి. రోట్ల పసుపు కొమ్ములు ఏసి ముత్తైదులు పాడుకుంట దంచుతరు. ఆ పసుపు నూనెల కలిపి పెండ్లికూతురుకు నలుగు పెడతరు. మునుపు మొత్తం పసుపు గట్లనే దంచెటోళ్ళు. ఇప్పుడు శాస్త్రానికి ఐదు కొమ్ములు దంచుతరు, మిగిలిందంత గిర్నిల పట్టిస్తరు. నేను యేసుప్రభువును మొక్కేదాన్నయినా ఎన్ని పెండ్లిళ్ళ పసుపు నా గిర్నిల పట్టిన్నో లెక్కలేదు. ఎవ్వలు నా దేవుని అడుగలే, నేను వాళ్ళ దేవుని అడుగలే. పసుపు మెత్తగ వచ్చిందా లేదా, అంతే.

పసుపు పట్టేది కారం మిషన్లనే. అన్ని గిర్నిలల్ల గంతే. కారం అయినంక మిషన్ ఇప్పాలె, బ్రష్ కొట్టాలె, సంచి మార్చాలె, ఆఖరికి రెండు కిలోల నూకలు పోసి తిప్పి ఆ నూకలు పారబోయాలె. అప్పుడు పసుపు పొయ్యాలె. నూకలు తిప్పుడే అసలు పని. బ్రష్‌తోని పోని కారం నూకలతోని పోతది.

కొట్నాలకు ముందటి దినం పొద్దుగాల సంది కారమే పట్టిన. మిషన్ ఇప్పిన, బ్రష్ కొట్టిన, సంచి మార్చిన, మళ్ళ బిగించిన. నూకల డబ్బా చేతిల పట్టుకున్న. అప్పుడు పరద అవతల నుంచి లావణ్య చిన్నమ్మ పిలిచింది. జాకెట్ తొడిగి చూపెడుతందుకు లావణ్యను తీసుకొచ్చింది, ఆటో నిలవెట్టుకొని వచ్చింది, జల్ది రమ్మంటుంది. డబ్బా కింద పెట్టి పోయిన. చంక కాడ బిగి అన్నది. ఇప్పిన, జరిపిన, మళ్ళ తొడిగిచ్చిన. మెడ కాడ ముడత అన్నది. అది చూసిన. వాళ్ళు పోయినంక మెడల టేపు ఉండంగనే గిర్ని దిక్కు వచ్చిన. మిషన్ బిగించి ఉంది, కొత్త సంచి కట్టి ఉంది. సాఫ్ అయింది అనుకున్న. పసుపు కొమ్ములు పోసిన.

ఇంతవరకు చెప్పింది మర్చిపోవుడు. ఎవ్వలైనా మర్చిపోతరు. ఇప్పుడు చెప్పేది వేరే. మొదటి దోసెడు పసుపు సంచిలకు దిగినంక చేతిలకు తీసుకొని చూసిన. జర ఎర్రగ ఉంది. చూసిన నేను. "ముదురు కొమ్ములు, రంగు గట్లనే ఉంటది" అని నాకు నేనే చెప్పుకున్న. ఎందుకంటే ఆపితే మళ్ళ ఇప్పాలె, మళ్ళ కడగాలె, అవతల జాకెట్లకు హుక్కులు కుట్టాలె. వాసన చూద్దామంటే ఆ గదిల నా ముక్కు ఎప్పుడో సచ్చింది. నాలిక మీద ఏసుకుంటే తెలిసిపోవు. ఏసుకోలే. తెలిస్తే పని వడ్తదని ఏసుకోలే. రేచల్, ఇది నువ్వు మంచిగ చదువు.

టైలర్ పసుపు పట్టుడేంది

పసుపు ఆ మాపే తిరుపతన్న వచ్చి తీసుకపోయిండు. తెల్లారి పగటి పూట జాకెట్లు సంచిల పెట్టుకొని రాజవ్వ ఇంటికి పోయిన. నేనే తెచ్చిస్త అని మాటిచ్చిన. లావణ్య మంచం మీద కూసున్నది, కండ్ల మీద తడి గుడ్డ. మొకం, మెడ, రెండు రెక్కలు ఎర్రగ వాచినయి. నలుగు పెట్టినంక మంట లేచిందట. నీళ్ళు పోసిన కొద్ది ఎక్కువయిందట. చెన్నూరు దవఖానకు తీసుకపోయి మందు పూయించుకొచ్చిండ్రు. కండ్లకు ఏం గాలేదు, రెండు మూడు దినాలల్ల తగ్గుతది అని డాక్టర్ చెప్పిండట.

నాకు తెలిసిపోయింది. వాళ్ళకు తెల్వలే. నలుగు పెట్టిన ఆడోళ్ళ చేతులు సుత మండినయి గని, పొద్దుగాల సంది వంటలకు మిరుపకాయలు తుంచిన చేతులు, అందుకే అనుకున్నరు. పిల్ల పదిదినాల సంది మొకం తెల్లగ కావాలని ఏదో క్రీము పూసుకుంటుందట. చిన్నమ్మ ఆ క్రీమునే తిడుతుంది.

రాజవ్వ నన్ను చూసి ఉరికొచ్చింది. "మంచిగొచ్చినవ్ సలోమి. జాకెట్‌కు పొడుగు చేతులు పెట్టు. రెక్కలు కనవడద్దు" అన్నది. నేను మూలకు కూసోని చేతుల కుట్లు ఇప్పవట్టిన. గంతే చాతనైంది నాకు. నోరు తెరువలే. క్రీము మీద పోతది గద అని మనసుల ఒక మూల అనుకున్న. అబద్ధమెందుకు, అనుకున్న.

గంతల జమ్మికుంటోళ్ళు ప్రధానం చీర పట్టుకొని దిగిండ్రు. పిల్లగాని తల్లి లావణ్య గదవ పట్టుకొని మొకం అటు ఇటు తిప్పి చూసింది. "గిది ఇయ్యాల్టి మంట గాదు. పాత తోలు బీమారి. దాచిపెట్టి చేస్తున్నరు" అన్నది. క్రీము అని చిన్నమ్మ చెప్తే, "బీమారి ఉంటేనే క్రీములు పూసుకుంటరు" అన్నది. వాళ్ళ పెద్దమనిషి ఒకాయన, "రేపటి లగ్గం ఆపుండ్రి, పెద్ద డాక్టర్‌తోని కాయితం తెచ్చినంక మాట్లాడుదం" అన్నడు. తిరుపతన్న తలకాయ కిందికేసిండు. లావణ్య కండ్ల మీద గుడ్డ ఇంక గట్టిగ ఒత్తుకున్నది. రేపు ఆ లగ్గం ఆగితే ఆ పిల్లకు బీమారి పిల్ల అని పేరు వడ్తది. ఆ పేరు ఏ కాయితంతోని పోదు.

జాకెట్ పక్కన పెట్టి లేచిన. "అమ్మా, పిల్లకు ఏ బీమారి లేదు. ఆ పసుపు నేను పట్టిన. కారం పట్టిన మిషన్ సాఫ్ చేయకుంట పట్టిన" అన్న.

ఆమె నన్ను కింది నుంచి మీది దాక చూసింది. మెడల టేపు, చేతిల సూది. "నువ్వెవ్వరు?" అన్నది.

"నేను సలోమిని. గిర్ని నాదే."

"జాకెట్ కుట్టుకుంట కూసున్నది గద నువ్వు. టైలర్ పసుపు పట్టుడేంది?" అని వాళ్ళాయన దిక్కు మర్లింది. "చూసిండ్రా, బిడ్డను గట్టెక్కించెతందుకు టైలర్‌తోని అబద్ధం చెప్పిస్తున్నరు."

పదిహేడేండ్లల్ల రెండు పనులు ఎందుకు పెట్టుకున్ననా అని నేను గంత యాష్టవడ్డది ఆ ఒక్క నిమిషమే. తప్పు నాది అని ఒప్పుకున్నా నమ్మెటోళ్ళు లేరు. రెండు నావే అంటున్న, ఊళ్ళె ఎవల్నన్న అడుగుండ్రి అంటున్న, ఆమె ఇంటలేదు.

పసుపు సంచి తెప్పిచ్చిన. నూనె కలపని పొడి చిటికెడు ఆమె ముందట పట్టిన. "నాలిక మీద ఏసుకో అమ్మా. బీమారి అయితే మండదు. నా తప్పయితే మండుతది" అన్న. ఆమె ఏసుకున్నది. జర సేపు ఏం కాలే. తర్వాత దగ్గు వచ్చింది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. చెంబెడు నీళ్ళు తాగి ఇంకో చెంబు అడిగింది. ఆమె భర్త సుత చిటికెడు ఏసుకున్నడు, ఆయన బెల్లం అడిగిండు.

ఆ తర్వాత ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అరగంట తిట్టింది. లావణ్యను ఒక్క మాట అనలే. నేను తల వంచుకొని ఇన్న, ఇనుకుంట లోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్న. వెనుక నుంచి ఎవలో "పసుపు విలువ తెల్వనోళ్ళకు ఇస్తే గింతే" అన్నరు. అది మాత్రం గుచ్చుకున్నది. ఇప్పటికి గుచ్చుకుంటది. నేను పట్టిన పసుపు చెడింది దేవుడు తెల్వక గాదు, నూకలు పొయ్యక.

రాజవ్వ నన్ను తిట్టలే. పక్కన పెట్టిన జాకెట్ తీసి నా చేతిల పెట్టింది. "చేతులు కుట్టు" అన్నది. కూసోని కుట్టిన. తెల్లారి లగ్గమయింది.

మార్చుకున్నది

మా ఆయన ఇన్నంక, "క్రీము అనుకున్నరు గద, నీకేం పనుండె మాట్లాడుతందుకు?" అన్నడు. రెండు దినాలు ఆయనకు అన్నం పెట్టిన గని మాట పెట్టలే. ఆ ఏడు గిర్ని దిక్కు రావాల్నంటే జనం జంకిండ్రు. కుట్టుడు దిక్కు మాత్రం ఒక్కలు తగ్గలే. ఒకామె కుట్టుమిషన్ కాడ కూసోని, "గిర్ని సలోమి సంగతి ఇన్నవా?" అని నాకే చెప్పవోయి నాలిక కరుచుకున్నది.

నేను మూడు మార్చుకున్న. ఒకటి, కారం మిషన్ పక్కన గోడ మీద టైలర్ సుద్దతోని గీతలు గీసుడు. ఇప్పినంక ఒక గీత, బ్రష్‌కు ఒక గీత, నూకలకు ఒక గీత. మూడు గీతలు లేకపోతే పసుపు పొయ్యను. నడుమ ఎవ్వలు పిలిచినా గీత గీసి పోయేదాన్ని. తలకాయల పెట్టుకునేది గోడ మీద పెట్టుకోవాలె, రెండు పనులు చేసెటోళ్ళు ఇది తప్పకుంట చెయ్యాలె. రెండు, అనుమానమొస్తే నాలిక మీద ఏసుకునుడు. మూడు, సోమవారం పసుపు తప్ప వేరేది పట్టకపోవుడు. ఆదివారం చర్చి నుంచి వచ్చినంక మిషన్ మొత్తం ఇప్పి కడిగి ఆరబెట్టేదాన్ని. సోమవారం నా గిర్నిల పసుపు నోట్ల పోసుకున్నా ఏం గాదు. "సోమవారం పసుపు మాత్రమే" అని పెద్ద అక్షరాలతోని బోర్డు రాయించి గిర్ని తలుపు మీద కొట్టిన. రెండేండ్లల్ల ఊరు ఊరంత మళ్ళ నా దగ్గరికే వచ్చింది. అక్కడికి నేను గెలిచిన అనుకున్న.

జబ్బ కొలత

రాజవ్వ జాకెట్లు మాత్రం ఎప్పుడు నా దగ్గర్నే కుట్టిచ్చింది. లావణ్య పెండ్లయినంక పదకొండేండ్లు. సంక్రాంతికో, చుట్టాల పెండ్లికో వచ్చేది, స్టూలు మీద కూసోని చాయ్ తాగేది, లావణ్య పిల్లల ముచ్చట్లు చెప్పేది. గిర్నికి మాత్రం ఎన్నడు రాలే. నేను ఆమె నొచ్చుకున్నది అనుకున్న. వేరే గిర్నికి పోతుంది అనుకున్న. అడుగలే.

పోయినేడు దుకాణం బంద్ చేస్తున్న అని తెలిసి ఆఖరి జాకెట్‌కు వచ్చింది. లేపి కొలతలు తీసుకుంటున్న. రెక్క ఎత్తమంటే ఎడమది ఎత్తింది, కుడిది ఎత్తలే. సగం దాక వచ్చి ఆగింది. జబ్బ మీద టేపు పెట్టి చూస్తే కుడి భుజం ఎడమ దానికంటె ఇంచు కిందికి దిగింది. పాత కొలతలల్ల గట్ల లేదు.

"ఏమైందక్కా, వడ్డవా?" అన్న.

"వడుడేంది. ఏడాదికోతాప పసుపు దంచుడు గదనే. నాలుగైదు కిలోలు. ఇగ ఈ వయసుల రోకలి లేస్తదా" అన్నది.

నాకు సమజ్ గాలే. "నువ్వు దంచుడేంది? ఊళ్ళె గిర్నిలు మస్తున్నయి గద. నా తాన వద్దనుకుంటే వేరే దానికి పోవద్దా?"

"ఏ గిర్నిల కారం పట్టరు చెప్పు" అన్నది. "లావణ్య పిల్లలు తానం చేసే పసుపు. నాకు బుగులు."

"అక్కా, నా తాన సోమవారం వట్టి పసుపే పడుత. ఆ ఏడు సంది గంతే. ముందటి దినం మిషన్ మొత్తం కడుగుత. బోర్డు సుత పెట్టిన గద, ఊరంత చూసింది."

"ఎక్కడ పెట్టినవ్?"

"గిర్ని తలుపు మీద."

రాజవ్వ నా దిక్కు చూసింది. "ఆ ఏడు సంది నేను గా తలుపుల నుంచి ఎన్నడన్న వచ్చిన్నా?" అన్నది.

నా చేతిల టేపు అట్లనే ఉంది. పదకొండేండ్లు ఆమె నా ముందట ఈ స్టూలు మీద కూసున్నది. అన్ని మాట్లాడుకున్నం. ఆ ఒక్క ముచ్చట ఆమె ఎత్తలేదని నేను ఎత్తలే. ఇటు దిక్కు ఉన్నప్పుడు నేను టైలర్‌ను గద, గిర్ని ముచ్చట నాకెందుకు అన్నట్టు ఉన్న. ఊరందరికి బోర్డు రాయించిన, చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలే. పరద నేను కట్టింది గదికే అనుకున్న.

"మాఫ్ చెయ్యక్కా" అన్న. పదకొండేండ్లకు ఆ మాట నోట్ల నుంచి వచ్చింది.

"అప్పటిదానికి అప్పుడే మాఫ్ చేసిన. చెయ్యకపోతే జాకెట్లు నీకెందుకిస్త?" అన్నది రాజవ్వ. ఎడమ చేత్తోని కొంగు సర్దుకున్నది, కుడి చెయ్యి కిందికే ఉన్నది. "మిషన్ కడుగుతున్నవని ఒక్కతాప నోటితోని చెప్పకపోతివి."